పుత్తూరులో పడరాదు

సైకిలు మీద నుంచి కింద పడడానికి తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళకు కొరత లేదు. రేణిగుంటలో పడవచ్చు, చంద్రగిరి కోట ముందు పడవచ్చు, భాకరాపేట ఘాటులో పడితే అది కొంత గౌరవం కూడాను. పడకూడని ఊరు మాత్రం ఒక్కటే ఉంది, అది పుత్తూరు. మొన్న ఆదివారం ఉదయం ఏడు గంటలకు నేను అక్కడే పడ్డాను, అది కూడా సైకిలు కదులుతుండగా కాదు, ఆగిన తరువాత.

మేము ఏడుగురం. అందరమూ నలభై దాటినవాళ్ళం, అందరికీ రక్తపరీక్ష కాగితాల మీద ఏదో ఒక అంకె కింద ఎర్రగీత పడినవాళ్ళం. ఆ గీతల పుణ్యమా అని రెండేళ్ళుగా ఆదివారాలు సైకిళ్ళెక్కుతున్నాము. మొన్నటి గమ్యం నాగలాపురం వేదనారాయణస్వామి గుడి. తెల్లవారుజామున నాలుగున్నరకు లీలామహల్ కూడలిలో కలుసుకుని, రేణిగుంట, వడమాలపేట, పుత్తూరు, నారాయణవనం మీదుగా వెళ్ళి రావడం, రానుపోను నూరు కిలోమీటర్లు దాటే ప్రయాణం. పుత్తూరు వరకు చెప్పుకోదగినదేమీ జరగలేదు.

మా జట్టుకు ఒక నాయకుడున్నాడు. పేరు చెప్పను, అందరమూ కెప్టెన్ అంటాము. వయసులో నాకన్నా చిన్నవాడు, నన్ను నోరారా అన్నా అని పిలుస్తాడు, ఆ పిలుపు చాటునే అన్ని పనులూ చేయిస్తాడు. ఇతడు ఒకసారి రెండు వందల కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోపు ముగించవలసిన దూరప్రయాణం, తొక్కాడు. పదమూడున్నర గంటలు గడువు ఉన్న ఆ దూరాన్ని గడువుకు పది నిమిషాల ముందు ముగించి, ఆ పది నిమిషాల మీద ఈ రెండేళ్ళుగా బ్రతుకుతున్నాడు. 1891లో ఫ్రాన్సులో పారిస్ నుంచి బ్రెస్టుకు, బ్రెస్టు నుంచి పారిస్‌కు పందెం పెట్టారనీ, ఇప్పుడది నాలుగేళ్ళకొకసారి జరుగుతుందనీ, పన్నెండు వందల కిలోమీటర్లను తొంభై గంటల్లో ముగించాలనీ మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. విన్నంతవరకు ఫరవాలేదు. కానీ ఆ బ్రెవే నియమాలను మోసుకొచ్చి, ఇడ్లీల కోసం బయలుదేరే మా ఆదివారాల మీద పడవేశాడు. దారిలో కంట్రోళ్ళనే మజిలీలుంటాయి, అక్కడికి ఫలానా వేళకు చేరినట్టు రుజువు చూపాలి. రుజువంటే అంగడి బిల్లు, లేదా ఏటీఎం చీటీ. దాని మీద తేదీ, సమయం రెండూ ఉండాలి. మొన్నటి మొదటి కంట్రోలు పుత్తూరు.

పది రూపాయల టీకి బిల్లు ఇచ్చే అంగడి చిత్తూరు సీమలో ఎక్కడుందో నాకు తెలియదు. నేను పనిచేసేదే లెక్కల తనిఖీ విభాగంలో కాబట్టి బిల్లుల సంగతి నాకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ మాటే కెప్టెన్‌తో అంటే, నియమం నియమమే అన్నా అని ముందుకు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. తక్కిన ఐదుగురూ అతని వెనకే వెళ్ళారు. వాళ్ళకు ఏటీఎం చీటీలు దొరికాయి. నా వంతు వచ్చేసరికి యంత్రంలో కాగితం అయిపోయింది. అందువల్ల బిల్లు కోసం నేను ఒక టీ అంగడి ముందు ఆగవలసి వచ్చింది.

ఇక్కడ నా బూట్ల గురించి చెప్పాలి. పోయిన నెల కెప్టెన్ బలవంతం మీద క్లీట్ల బూట్లూ, వాటికి సరిపోయే పెడళ్ళూ కొన్నాను. బూటు అడుగున బిగించిన క్లీటు పెడల్‌లోకి టక్కున దిగి తాళం పడుతుంది. కాళ్ళూ సైకిలూ ఒకటే శరీరమవుతాయి. వీటిని క్లిప్‌లెస్ పెడళ్ళంటారు, అంటే క్లిప్పు లేనివని అర్థం, కాలిని క్లిప్పు పెట్టి బంధించేవి కూడా ఇవే. పూర్వం పెడల్ ముందు బూటు మునివేళ్ళను పట్టుకునే పంజరంలాంటి క్లిప్పు ఉండేదనీ, అది పోయింది కనుక ఈ పేరనీ కెప్టెన్ వివరించాడు. మంచు మీద జారే స్కీలకు బంధాలు తయారుచేసే ఒక ఫ్రెంచి సంస్థ 1984లో వీటిని సైకిలుకు తెచ్చిందట, మరుసటి ఏడే బెర్నార్ ఇనో అనే ఫ్రెంచి సైకిలు వీరుడు వీటితో టూర్ డి ఫ్రాన్స్ పందెం గెలిచాడట. ఇనోకు పుత్తూరు టీ అంగడి ముందు ఆగే అవసరం రాలేదు. ఈ పెడల్ నుంచి కాలు బయటికి రావాలంటే మడమను పక్కకు తిప్పాలి. ఎంత బలంగా తిప్పాలన్నది ఒక చిన్న మర నిర్ణయిస్తుంది. కొండ ఎక్కేటప్పుడు కాలు ఊడిరాకూడదని చెప్పి, శనివారం సాయంత్రం మా ఇంటికే వచ్చి, కాఫీ తాగి, తన అలెన్ కీతో ఆ మరను బిగించి వెళ్ళినవాడు కెప్టెనే.

అంగడి ముందు బ్రేకులు వేశాను. కుడికాలు వచ్చింది. ఎడమకాలు రాలేదు. సైకిలు ఎడమవైపుకే వాలడం మొదలుపెట్టింది.

వేగంగా పోతూ పడేవాడికి ఆలోచించే తీరిక ఉండదు, అది వాడి అదృష్టం. ఆగి పడేవాడికి కావలసినంత తీరిక ఉంటుంది. కదిలే సైకిలును హ్యాండిలు అటూ ఇటూ కాస్త తిప్పి నిలబెట్టుకోవచ్చు. ఆగిన సైకిలు మన మాట వినదు. నరికిన కొబ్బరిచెట్టు మొదట కదిలీ కదలనట్టు ఉండి, తరువాత మర్యాదగా ఒకవైపుకు వాలుతుంది చూడండి, నేను అలా వాలాను. వాలుతూ మడమను తిప్పాను, మళ్ళీ తిప్పాను. బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న ఒక పెద్దాయన కళ్ళలోకి చూశాను. ఆయన కూడా నా కళ్ళలోకి చూశాడు. ఆయన గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఇద్దరికీ జరగబోయేది తెలుసు, ఇద్దరమూ ఏమీ చేయలేము. నమస్కారం పెట్టి పడితే బాగుండేదేమో అన్నంత పరిచయం ఆ రెండు క్షణాల్లో ఏర్పడింది. తరువాత నేలను చేరాను. ఎడమ అరచేయి ముందు, నేను తరువాత, సైకిలు నా మీద.

ఇదే మరొక ఊళ్ళో అయితే ఇద్దరు నవ్వి, ఒకరు చేయి అందించేవారు, కథ అయిపోయేది. పుత్తూరు అలాంటిది కాదు. ఎముకలకు కట్టు కట్టడంలో తరతరాల పేరున్న చోటు అది. పుత్తూరు కట్టు అనే మాటను చెన్నై వీధుల్లో బోర్డుల మీద కూడా చూడవచ్చు. చేతులు వేలాడేసుకుని, కాళ్ళు చాపుకుని, ఆటోల్లోనూ కార్లలోనూ పొరుగు రాష్ట్రాలవాళ్ళు దిగే ఊరది. అక్కడ నేల మీద మనిషి కనబడితే, వీడెందుకు పడ్డాడు అని ఎవరూ అడగరు. ఏ ఎముక అని అడుగుతారు.

“కదల్చొద్దండయ్యా, ఆ కాలు కదల్చొద్దు!” అంటూ ఒక ఆటో అతను పరుగెత్తుకొచ్చాడు. కదిలించడానికి నాకే వీలులేదని, అది పెడల్‌లో ఉందని అతనికి చెప్పాను. ముగ్గురు కలిసి నా కాలిని బూటులో నుంచి లాగారు. కాలు వచ్చింది, బూటు పెడల్‌కే అతుక్కుని ఉంది.

“దెబ్బేమీ తగల్లేదు, బాగానే ఉన్నాను” అన్నాను.

పూలమ్మే అవ్వ తల అడ్డంగా ఊపింది. “నొప్పి తెలీలేదంటే పెద్ద దెబ్బే నాయనా. మా చిన్నోడు చింతచెట్టు మీద నుంచి పడినప్పుడు కూడా ఇట్నే నవ్వినాడు.”

స్కూటరు ఆపి వచ్చిన ఒక పెద్దమనిషి విచారణ తన చేతిలోకి తీసుకున్నాడు. “ఏ బండి గుద్దింది సార్?”

“ఏదీ గుద్దలేదండీ.”

“మరి ఎట్ట పడినారు?”

“ఆగాను. పడ్డాను.”

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, జనం వైపు తిరిగి, గొంతు తగ్గించి, “తలకు గూడా తగిలినట్టుండాది” అన్నాడు.

నేను బాగానే ఉన్నానని రుజువు చేయడానికి నడిచి చూపించాలనుకోవడం ఆ ఉదయం నేను చేసిన అసలు తప్పు. కుడికాలికి బూటు ఉంది, దాని అడుగున ముందుభాగంలో క్లీటు ఉబ్బి ఉంది, కాబట్టి ఆ పాదం మడమ మీదే ఆనుతుంది, వేళ్ళు ఆకాశం చూస్తాయి. ఎడమకాలికి మేజోడు మాత్రమే ఉంది, దాని కింద పుత్తూరు కంకర ఉంది. ఆ రెండు కాళ్ళతో నేను వేసిన నాలుగడుగులు ఏ వైద్యశాస్త్రం ప్రకారం చూసినా తుంటి విరిగిన మనిషి నడకే. “చూసినారా, కుంటతా ఉండాడు!” అన్నారు ఎవరో. అప్పటికే నా వెనకవైపుకు చేరిన ఆటో అతను మరొక ఆధారం కనిపెట్టాడు. దూరప్రయాణాల సైకిలు నిక్కర్లలో కూర్చునేచోట మందంగా మెత్త కుట్టి ఉంటుంది. అది లేకపోతే నూరు కిలోమీటర్లు సీటు మీద కూర్చోలేము. లేచి నిలబడితే మాత్రం అది వెనక ఉబ్బెత్తుగా నిలుస్తుంది. “అయ్యో, వాపు ఎంత పైకి వచ్చేసింది చూడండి!” అన్నాడతను, నిజమైన బాధతో. అది వాపు కాదని, గుడ్డ అని, అంతమంది మధ్యలో, అందులో అవ్వ కూడా ఉండగా, నేను ఏ మాటలతో వివరించాలి? ఊరుకున్నాను. ఊరుకోవడం ఒప్పుకోవడమయింది. ఒక కుర్రాడు ఇదంతా ఫోనులో తీస్తున్నాడు.

నన్ను ఆటోలో పడుకోబెట్టారు. కూర్చుంటానంటే ఒప్పుకోలేదు.

కట్టు కట్టే చోట ఉన్న వైద్యుడు ఆ ఉదయం నాకు ఎదురైన ఏకైక వివేకి. ఆయన నా నిక్కరు వైపు ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. కాళ్ళ మీద వేళ్ళతో ఒకసారి తడిమి, “కాళ్ళకేం లేదు” అన్నాడు. లేచి రాబోతుంటే ఎడమచేతి మణికట్టు పట్టుకుని నొక్కాడు. నేను అరిచిన అరుపుకు బయట ఉన్న ఆటో అతని ముఖం వికసించిందని తరువాత అర్థమయింది. బెణికిందట. ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించి గుడ్డతో కట్టు కట్టి, తడపవద్దని చెప్పి, ఒక చీటీ రాసి ఇచ్చాడు. “వెదురు బద్దలు పెట్టలేదా?” అని ఆటో అతను చిన్నబుచ్చుకుంటూ అడిగాడు. లేదని తెలిసి బాడుగలో ఇరవై రూపాయలు తగ్గించుకున్నాడు, అది నేను మరువలేను.

ఎడమకాలి బూటు పెడల్‌కే వేలాడుతూ ఉండగా ఆ సైకిలునూ నన్నూ కలిపి ఇంటికి చేర్చిన ప్రయాణం గురించి రాయదలచుకోలేదు. మా ఇంట్లోకి గుడ్డు రాదు. మా అమ్మ కట్టును వాసన చూసి, చేతిని లోపలికి తేవద్దంది. చేతిని వదిలి మిగతా మనిషి లోపలికి వెళ్ళే మార్గం లేక, మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చున్నాను. మా ఆవిడ మాత్రం ఏమీ అడగలేదు, ఆమెకు నా కంటే ముందే వీడియో చేరింది. పక్కింటి పిల్లి ఆనాటి నుంచి నాతో ఎంతో ప్రేమగా ఉంటోంది.

సాయంత్రం కెప్టెన్ ఫోను చేశాడు. ఆరుగురూ నాగలాపురం వెళ్ళి, స్వామిని దర్శించుకుని, గడువులోపే తిరిగి వచ్చారట. చేయి ఎలా ఉందని అడిగాడు, అబద్ధమాడకూడదు. అడిగిన తరువాత నా జవాబు కోసం ఆగకుండా, పట్టికలో నా పేరు ఎదుట ఏమి రాయాలన్నాడు. నాగలాపురం మాట ఎలా ఉన్నా పుత్తూరు కంట్రోలు నేను చేరినట్టే కదా అన్నాను. రుజువు ఉందా అన్నాడు. ఉంది, కట్టు కట్టినచోట ఇచ్చిన చీటీ ఉందని చెప్పి, ఫొటో తీసి పంపాను. రెండు నిమిషాలు నిశ్శబ్దం.

“తేదీ ఉండాదన్నా, టైము లేదే.”

పుత్తూరులో ఆ ఉదయం నేను పడిన సంగతి సగం ఊరు చూసిందని, వీడియో కూడా ఉందని, దానిలో ఎండ ఏటవాలుగా పడుతూండడం చూసి సమయం లెక్కకట్టవచ్చని అన్నాను.

“మీరే ఆడిట్‌లో ఉండారు కదన్నా. టైము వెయ్యాల్సిన చీటీలో టైము లేకుంటే మీరైతే పాస్ చేస్తారా?”

చేయను. పోయిన బుధవారమే ఒక గుమస్తా తెచ్చిన అలాంటి చీటీని తిప్పి పంపాను, అతను నా బల్ల ముందు పావుగంట నిలబడ్డాడు కూడా. ఆ సంగతి కెప్టెన్‌కు చెప్పలేదు. వచ్చే ఆదివారం తలకోన అని, భాకరాపేట ఘాటు ఎక్కాలని, మరలు ఇంకొంచెం బిగించుకోవాలని అతను చెబుతుండగానే ఫోను పెట్టేశాను. ఎడమ బూటు ఈ క్షణానికి కూడా పెడల్‌లోనే ఉంది. మర వదులు చేస్తే తప్ప రాదు. అలెన్ కీ అతని దగ్గర ఉంది.