ఆపరేషన్ తేదీ ఇచ్చే రోజే అడగండి

రాయగడలో ఉండే మా మావయ్యకు పోయినేడు విశాఖలో హెర్నియా ఆపరేషన్. ముందు రోజు సాయంత్రం రైలు దిగి ఆస్పత్రిలో చేరారు. మత్తు డాక్టరమ్మ వచ్చి షుగరుకి ఏం వాడుతున్నారని అడిగితే, "రెండు బిళ్లలమ్మా, ఒకటి తెల్లది, ఒకటి పసుపుది" అన్నారు. అత్తయ్య సంచిలోంచి తీసిన స్ట్రిప్ సగానికి కత్తిరించి ఉంది. పేరున్న ముక్క మందుల షాపులోనే ఉండిపోయింది. వెనక రేకు మీద 'ఫ్లోజిన్' అనే తోక మాత్రం మిగిలింది. అది చూసి డాక్టరమ్మ ఆపరేషన్ వాయిదా వేశారు.

ఆ రోజు మాకు చిరాకేసిన మాట నిజం. కానీ ఆవిడ చేసిందే సరైన పని.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మందులు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. తిండి మానేసి, పైన ఆపరేషన్ ఒత్తిడి తోడైతే ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తం ఆమ్లంగా మారొచ్చు. అసలు భయం ఎక్కడంటే, అప్పుడు కూడా షుగరు రీడింగ్ పెద్దగా పెరగకపోవచ్చు. వాంతులు, ఆయాసం వస్తే ఆపరేషన్ వల్లేలే అనుకుంటాం. అందుకే ఈ రెండు మందుల్నీ ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లోనే చెప్పింది.

షుగరుకి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లతో చిక్కు వేరు. అవి కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. పరగడుపున వచ్చినా పొట్టలో తిండి మిగిలి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వారానికోసారి వేసుకునేదాన్ని వారం ముందు ఆపమని అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో చెప్పింది. 2024లో ఇతర వైద్య సంఘాలతో కలిసి ఆ మాట సడలించింది: చాలామంది కొనసాగించవచ్చు, ముప్పు ఎక్కువున్నవాళ్లు ముందు 24 గంటలు ద్రవాహారమే తీసుకోవాలి. అనుమానముంటే అల్ట్రాసౌండ్‌తో పొట్ట చూడొచ్చు.

మూడు రోజులు, వారం... ఈ లెక్కలేవీ ముందు రోజు రాత్రి అడిగితే కుదరవు. పర్లాకిమిడి, గుణుపురం, జయపురం నుంచి వచ్చేవాళ్లకు చీటీ ఒడిశా డాక్టరుది, కత్తి ఆంధ్ర డాక్టరుది. ఒకరు రాసింది ఇంకొకరికి తెలిసే దారే లేదు. అందుకే తేదీ ఇచ్చే రోజే ఆస్పత్రి వాళ్లు మందుల పేర్లు అడగాలి. ఫోన్లో ఫొటో పంపమన్నా చాలు. అలాగని ఎవరూ సొంతంగా మందులు ఆపెయ్యకూడదు, ఇన్సులిన్ అసలే ఆపకూడదు.

రెండోసారి బయల్దేరేముందు అత్తయ్య షాపులో కత్తిరించని స్ట్రిప్ అడిగి తెచ్చుకుంది. పది బిళ్లలకు డబ్బు ఎక్కువే అయింది. మావయ్య ఏమీ అనలేదు.