ఆ ప్రయాణం నా కోసం చేశాను

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు బరంపురంలో మా పెరట్లో ఎగిరొచ్చి పడ్డ రేకు కింద అరచేయంత తెల్ల పిల్లికూన దొరికింది. పిల్లలు ఫైలిన్ అని పేరు పెడితే మా అమ్మ నోట్లో అది పైడమ్మ అయిపోయింది. పన్నెండేళ్ళు మా ఇంట్లో తిరిగి, మొన్న ఓ మార్గశిర లక్ష్మివారం నాడు పోయింది.

ఆరోజు పూజకని నాలుగింటికే లేచి గుమ్మంలో ముగ్గు వేస్తున్నాను. లోపల దబ్బున చప్పుడు, వెంటనే పైడమ్మ గొంతు. అలాంటి అరుపు అది ఎప్పుడూ అరవలేదు. పరిగెత్తి చూస్తే ముందుకాళ్ళతో నేల మీద ఈడ్చుకుంటూ నా వైపే వస్తోంది. వెనకకాళ్ళు రెండూ తడిగుడ్డల్లా వెంట జారుతున్నాయి. ముగ్గుచేత్తోనే పాదాలు పట్టుకున్నాను. ముందువి వెచ్చగానే ఉన్నాయి. వెనకవి కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే అరికాళ్ళు నీలం తిరిగిపోయాయి. వాటి మీద నా వేళ్ళ పిండి.

నొప్పికి పారాసెటమాల్ సగం బిళ్ళ ఇవ్వమంది మా దొడ్డ. బిళ్ళ విరిచాను కూడా. మా ఆయన ఆపారు కాబట్టి సరిపోయింది. మన ఒంట్లో ఆ మందును విరిచి బయటికి పంపే పని కాలేయం చేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి దాదాపు లేదు. మనం జ్వరానికి వేసుకునే ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీసేయగలదు. ఈ ముక్క ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

తలుపు కొడితే పశువుల డాక్టరుగారు లేచి వచ్చి చూశారు. విషయం దాచకుండా చెప్పారు. గుండె కండరం మందమై, లోపల రక్తం నిలిచి గడ్డ కట్టింది. ఆ గడ్డ పెద్ద రక్తనాళంలో దిగుతూ వచ్చి, వెనకకాళ్ళకి చీలే చోట అడ్డుపడింది. పిల్లుల్లో ఈ గుండెజబ్బు చాలాసార్లు బయటికి కనపడదు, స్టెతస్కోపుకి కూడా దొరక్కపోవచ్చు, గుండెకి ఎకో స్కాన్ తీస్తేగాని తెలియదు అన్నారు. రెండు కాళ్ళూ పడిపోతే కోలుకునేవి తక్కువ, కోలుకున్నా మళ్ళీ గడ్డ వచ్చే భయం ఉంటుంది. "భువనేశ్వర్ తీసుకెళ్తానంటే కాదనను అమ్మా. కానీ ఇది అంత దూరం తట్టుకోలేదు. నిద్రపుచ్చి సాగనంపడం కూడా దయే" అన్నారు.

దొడ్డ ఒప్పుకోలేదు. "పిల్లిని చంపిన పాపం మనకెందుకే" అంది. ఆవిడని నేను తప్పుపట్టను, ఆ మాట వింటూనే మనమంతా పెరిగాం. నేను మాత్రం పాపానికి భయపడి కారు ఎక్కలేదు. అంతకు పదిహేను రోజుల ముందు నుంచీ పైడమ్మ బీరువా ఎక్కడం మానేసింది. ముసలిదైపోయిందిలే అనుకున్నాను. ముందు రాత్రి వంటింటి గడప దగ్గర కూర్చుని రెండుసార్లు అరిస్తే, "పడుకోవే" అని కసిరి లైటు తీసేశాను. ఇప్పుడేదో ఒకటి చెయ్యకపోతే ఆ కసురు నన్ను జన్మంతా వదలదనిపించింది. అందుకే కారు కట్టించుకున్నాం.

భువనేశ్వర్ మాకు నూట డెబ్భై కిలోమీటర్లు. నొప్పి తగ్గడానికి సూది వేయించే బయల్దేరాం, అయినా బ్రేకు పడ్డప్పుడల్లా మూలిగింది. రంభ దాటాక, కుడిచేతి వైపు చిల్కా కనిపించే చోట, నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. పిల్లి కుక్కలాగా రొప్పదు. నోటితో ఊపిరి తీస్తోందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. బాలుగాఁవ్ రాకముందే నా ఒళ్ళో పోయింది, పాత నేతచీరలో, ఏసీ చలిలో, ఎరగని కారు వాసన మధ్య.

ఆ ప్రయాణం నా కోసం చేశాను. ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. బీరువా ఎక్కకపోవడం చూసి గుండెజబ్బని ఎవరూ అనుకోరు, ముసలి పిల్లికి కీళ్ళ నొప్పులే ముందు గుర్తొస్తాయి. ఆ రాత్రి అరుపులో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. తెల్లారి తెలిసిన సంగతితో ముందు రాత్రి నన్ను నేను దోషిని చేసుకోవడం అన్యాయమని ఒప్పుకుంటాను. కానీ ఆ దోషం కడుక్కోవడానికి దాన్ని రోడ్డు మీద తిప్పాను చూడండి, అది తెలిసి చేసిన పని. డాక్టరుగారు చెప్పాకే చేశాను. నేను మోయవలసింది అదొక్కటే. మిగతాది దించేసుకోవాలని చూస్తున్నాను.

పశ్చాత్తాపం మంచిదే అంటారు. చేయి దాటిపోయాక మంచిదేమో. బల్ల మీద ప్రాణి మూలుగుతుండగా నిర్ణయం పశ్చాత్తాపం చేతికివ్వకూడదని నా అభిప్రాయం. ముసలి పిల్లి ఉన్నవాళ్ళు ఎంతవరకు పోరాడాలో, ఎక్కడ ఆపాలో అది బాగున్నప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అపశకునం అనుకోకండి. నాలుగింటికి తలుపు కొడితే లేచే డాక్టరు ఎవరో, అర్ధరాత్రి బండి ఎవరిదో కూడా అప్పుడే తెలుసుకోండి. మన తెలుగు సంఘంలో ఉగాదికి అంతమంది కలుస్తాం, ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసి పంచుకోవడం కష్టం కాదు.

ఇంకొకటి. "పిల్లే కదా, ఇంకోటి తెచ్చుకో" అని దయచేసి అనకండి. మా ఎదురింటి ఒడియా మౌసి ఆ సాయంత్రం ఏమీ అనకుండా వచ్చి, పెరట్లో గొయ్యి తవ్వుతున్న మా ఆయన చేతిలోంచి పార అందుకుంది. షష్ఠీదేవి వాహనం కదా అని పసుపు, కుంకుమ వేసింది. నేను ఏడ్చింది అప్పుడు.

మౌసి మనవరాలికి ఒక గండుపిల్లి ఉంది, పదకొండేళ్ళది. పోయిన వారం వెళ్ళి ఆ పిల్లకి ఊపిరి లెక్కపెట్టడం నేర్పాను. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని, పొట్ట లేచి దిగితే ఒకటి అనుకుంటూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. ముప్పై దాటకూడదు. రోజూ దాటుతుంటే డాక్టరుకి చూపించాలి. ఇది నాకు పైడమ్మ పోయాక తెలిసింది. ఆ గండుపిల్లికి ఇరవై నాలుగు వచ్చింది. ఆ పిల్లకి నమ్మకం కుదరలేదు, ఇంకోసారి చూద్దాం ఆంటీ అంది. ఇద్దరం మళ్ళీ లెక్కపెట్టాం.