ద్రాక్షారామం పొడవెంత?

"తెలుగుకి మూడింతల చోటు కావాలి, అందుకే సాఫ్ట్‌వేర్లో ఈ తిప్పలన్నీ" అనే మాట వింటే ఒళ్ళు మండుతోంది. తిప్పలు తెలుగు వల్ల కాదు. పొడవు దేంతో కొలుస్తున్నారో చూసుకోకుండా కోడ్ రాసేవాళ్ళ వల్ల.

సార్వా ధాన్యం తోలాక మా బాబాయి ఫోన్‌కి వచ్చిన రసీదులో ఊరి పేరు "ద్రాక్" దగ్గర ఆగిపోయింది. పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. ఎందుకలా అయిందో విడదీసి చూడండి. ద్రాక్షారామం మన నోటికి 4 అక్షరాలు. అన్ని లిపులకీ కంప్యూటర్లో నంబర్లిచ్చే యూనికోడ్‌కి 12 గుర్తులు: ద, పొల్లు, ర, దీర్ఘం, క, పొల్లు, ష... ఇలా. ఆ గుర్తుల్ని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకి 3 బైట్లు, మొత్తం 36. పేరుకి 20 బైట్లే ఇచ్చుంటారు. ఆరు గుర్తులకే 18 అయిపోయాయి, మిగిలిన రెండూ 'ష'కి చాలలేదు.

పొడవెంత అని ప్రోగ్రామింగ్ భాషల్ని అడిగితే గో, రస్ట్ 36 అంటాయి. పైథాన్, జావాస్క్రిప్ట్ 12 అంటాయి. ఎవరి లెక్క వాళ్ళకి సరైనదే. 4 అని చెప్పాలంటే అక్షరాల హద్దులు తెలియాలి. స్విఫ్ట్ మొదట్నుంచీ ఆ దారిలోనే ఉంది గానీ, తెలుగు ఒత్తుని దాని అక్షరం నుంచి విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లోకి వచ్చిందే 2023లో, 15.1 వెర్షన్‌తో. ఇన్నేళ్ళు పట్టాల్సిన పనా అది?

లోపల ఎలా దాచుకుంటారన్నది ఆ భాషల సొంత వ్యవహారం. పైథాన్ 3.3 నుంచి తెలుగు మాటలో గుర్తుకి 2 బైట్లు వాడుతుంది, చివర ఒక్క నవ్వు ఇమోజీ తగిలిస్తే అన్నిటికీ 4 చేస్తుంది. చేసుకోనివ్వండి. దాంతో మనకి నష్టం లేదు. నష్టమంతా కోసే చోటే.

యూటీఎఫ్-8ని మాత్రం తిట్టకండి. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని ఎంత చక్కగా కట్టారంటే, ఏ బైటు చూసినా అది గుర్తుకి మొదలో మధ్యో తెలిసిపోతుంది. 20 దగ్గర్నుంచి రెండు బైట్లు వెనక్కి జరిగుంటే ఆ ప్రశ్నార్థకం వచ్చేదే కాదు. రస్ట్‌ని సరిగ్గా 20 దగ్గరే కోయమంటే ప్రోగ్రామే ఆగిపోతుంది, నాకు నచ్చేది అదే. గో మాత్రం అడిగినట్టు కోసి ఇచ్చేస్తుంది. అయినా ఊరి పేరుని కోయడమేంటండీ? గడి పెంచాలి!

కాకినాడ, భీమవరం కాలేజీల్లో ప్రాజెక్టులు చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, టెస్టింగ్‌కి ఏబీసీడీలు కొట్టడం మానేయండి. అమలాపురం 24 బైట్లు, అంతర్వేది 27, రాజమహేంద్రవరం 39. ముందు ఇవి పెట్టి చూడండి.