జర్మనీ స్కూళ్లలో మధ్యాహ్నం నుంచి పిల్లల్ని వాలంటీర్లకు వదిలేస్తున్నారా?

జర్మనీలో ఉన్న తెలుగు పేరెంట్స్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒకే వాదన రకరకాల వేషాల్లో తిరుగుతోంది. సారాంశం ఇది. 2026 ఆగస్టు నుంచి ప్రైమరీ పిల్లలంతా రోజుకు 8 గంటలు స్కూల్లో ఉండి తీరాలట. మధ్యాహ్నం టీచర్లు ఇంటికెళ్లిపోయాక, ప్రభుత్వం డబ్బు మిగుల్చుకోవడానికి పిల్లల్ని ఊళ్లో ఖాళీగా ఉన్న వాలంటీర్ల చేతికి అప్పగిస్తుందట. ఇలాంటి ఫుల్ డే స్కూళ్ల వల్ల ఉపయోగం లేదని యూనివర్సిటీ పరిశోధనలే తేల్చేశాయట. పైగా దీని దెబ్బకి ఫుట్‌బాల్ క్లబ్బులూ మ్యూజిక్ స్కూళ్లూ మూతపడుతున్నాయట. ఇది చదివి ఇండియా నుంచి అమ్మమ్మలూ నానమ్మలూ ఫోన్లు చేసి పిల్లాణ్ణి ఎవరి చేతిలో పెడుతున్నారని టెన్షన్ పడుతున్నారు.

ఇందులో కొంత పచ్చి అబద్ధం, కొంత సగం నిజం. ఆ నిజమున్న చోట కూడా నేరం తప్పు మనుషుల మీద మోపారు. మా అబ్బాయి నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో ఇలాంటి స్కూలుకే వెళ్తున్నాడు కాబట్టి ఈ గొడవ నాకు రోజూ సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర కనిపిస్తూనే ఉంటుంది.

ముందు ఆ "తప్పనిసరి" సంగతి. 2021లో చేసిన చట్టం పిల్లలకిచ్చింది హక్కు, పెట్టింది నిర్బంధం కాదు. 2026 ఆగస్టు 1న మొదలై, మొదట ఒకటో తరగతి పిల్లలకి, తర్వాత ఏటా ఒక తరగతి చొప్పున కలుపుకుంటూ, 2029–30 విద్యా సంవత్సరానికి నాలుగో తరగతి దాకా అందరికీ వర్తిస్తుంది. వారానికి ఐదు రోజులు, రోజుకు 8 గంటలు, అందులో పొద్దున పాఠాలు జరిగే టైము కూడా కలిసే ఉంటుంది. సెలవుల్లో కూడా ఈ హక్కు ఉంటుంది, కాకపోతే ఏడాదిలో నాలుగు వారాల దాకా మూసుకునే వెసులుబాటు రాష్ట్రాలకి ఇచ్చారు. మీకు అక్కర్లేదంటే పిల్లల్ని మధ్యాహ్నమే ఇంటికి తీసుకెళ్లొచ్చు, ఈ చట్టం అడ్డుకోదు.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? బహుశా ఇక్కడ ఫుల్ డే స్కూళ్లు ఒకే రకం కాకపోవడం వల్ల. "గెబుండెన్" అనే రకంలో మధ్యాహ్నం కూడా బడే, అందరూ ఉండాల్సిందే, కానీ అది చేర్చేటప్పుడే తెలుస్తుంది. "ఓపెన్" రకంలో ఇష్టమైన వాళ్లే పేరు రాయించుకుంటారు. అయితే మా రాష్ట్రంలో ఓపెన్ రకానికి కూడా ఒకసారి సంతకం పెడితే ఆ విద్యా సంవత్సరమంతా కట్టుబడాలి, ఈ రోజు పంపుతాను రేపు మానేస్తాను అంటే కుదరదు. ఎవరో సంతకం పెట్టాక ఈ రూలు చదివి అవాక్కయి ఉంటారు, అది చేతులు మారి మారి దేశం మొత్తానికి నిర్బంధమైపోయింది.

ఇక అసలు మాట, వాలంటీర్లు. ఫార్వర్డులో దీనికే ఎక్కువ లైకులు వచ్చాయి కాబట్టి దీని దగ్గరే కాస్త ఆగుదాం.

మధ్యాహ్నం స్కూల్లో కనిపించే పెద్దవాళ్లంతా ఒకటే అనుకోవడం మొదటి పొరపాటు. ఎక్కువమంది జీతానికి పనిచేసేవాళ్లు. ఎర్‌త్సీయెరిన్‌లు ఉంటారు, అంటే పిల్లల సంరక్షణలో కొన్నేళ్ల శిక్షణ పూర్తిచేసి వచ్చినవాళ్లు. సోషల్ పెడగాగులుంటారు, అంటే పిల్లల సంక్షేమం మీద చదువుకున్నవాళ్లు. వీళ్లతో పాటు అంత చదువు లేకుండా పార్ట్‌టైమ్‌లో చేరిన సహాయకులు కూడా చాలామందే ఉంటారు, ఆ మాట దాచక్కర్లేదు. వీళ్లకి జీతమిచ్చేది చాలాచోట్ల స్కూలు కాదు, కారిటాస్, డియాకోనీ, ఆవో, రెడ్‌క్రాస్ లాంటి సంక్షేమ సంస్థలో, పేరెంట్స్ పెట్టుకున్న సంఘమో. ఆ సంస్థల పేర్లు చూసి "ఛారిటీ వాళ్లు, అంటే ఉచితంగా చేసేవాళ్లు" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. జర్మనీలో ఇవి లక్షల మందికి ఉద్యోగాలిచ్చే సంస్థలు, ఆసుపత్రులూ కిండర్‌గార్టెన్లూ నడిపేవి కూడా ఇవే.

రెండో రకం, వారానికి ఒకటి రెండు గంటలు వచ్చి జూడో, చెస్, కోరస్ నేర్పేవాళ్లు. వీళ్లలో చాలామంది స్పోర్ట్స్ క్లబ్బుల ట్రైనర్లు. వీళ్లకి చిన్న మొత్తం ముడుతుంది, దాని మీద పన్ను ఉండదు. ఆ పన్ను మినహాయింపు పరిమితిని 2021లో ఏడాదికి 3,000 యూరోలకి, 2026 నుంచి 3,300కి పెంచారు. ఇది జీతమూ కాదు, పూర్తి ఉచిత సేవా కాదు, మధ్యస్తంగా ఉంటుంది.

మూడో రకమే నిజమైన వాలంటీర్లు. ఉదాహరణకి 2003లో హనోవర్‌లో మొదలై దేశమంతా పాకిన మెంటార్ అనే చదువు సాయం ఉద్యమం. అందులో పద్ధతి ఏంటంటే ఒక పెద్దమనిషికి ఒక్క పిల్లో పిల్లాడో, వారానికి ఒక గంట, కనీసం ఏడాది పాటు. ఏ పిల్లకి అవసరమో టీచరే చెప్తారు, తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. లైబ్రరీ మూలనో ఖాళీ క్లాసులోనో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. పిల్లకి డైనోసార్లు ఇష్టమైతే డైనోసార్ పుస్తకమే, విసుగొస్తే మాటలతో ఏదో ఆట ఆడుకుంటారు. హోంవర్క్ ఉండదు, మార్కులుండవు, ఎవరికీ రిపోర్టు కార్డు పోదు. ఇంట్లో జర్మన్ వినిపించని మన పిల్లలకి ఈ ఒక్క గంట ఎంత పనికొస్తుందో విడిగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు చెప్పండి, వీళ్లు ఎవరి ఉద్యోగం లాక్కున్నారు? ముప్ఫై మంది పిల్లల్ని మధ్యాహ్నమంతా కనిపెట్టుకుని ఉండే పని వీళ్లది కానేకాదు.

"ఎవరుపడితే వాళ్లు" అన్న మాటకి కూడా జవాబు ఉంది. పిల్లలతో పనిచేయడానికి జీతం మీద చేరేవాళ్లు పోలీసు రికార్డు సర్టిఫికెట్, అదీ పిల్లల మీద నేరాల్ని ప్రత్యేకంగా చూపించే విస్తృత రకం, ఇవ్వాల్సిందే. 2012 నుంచి అమల్లో ఉన్న బాలల రక్షణ చట్టం, పిల్లలతో దగ్గరగా మెలిగే వాలంటీర్లని కూడా ఈ చెకింగ్‌లోకి తెచ్చింది.

ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. మధ్యాహ్నం ఎంతమంది పిల్లలకి ఒక పెద్దమనిషి ఉండాలి, వాళ్లకి ఏ చదువు ఉండాలి అన్నదానికి దేశమంతటికీ ఒకే కొలత లేదు, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అర్హత ఉన్నవాళ్లు దొరకడం లేదు, ఇదీ నిజమే. కేంద్రం భవనాలకి 350 కోట్ల యూరోల దాకా ఇస్తోంది, నిర్వహణకి ఇచ్చే మొత్తాన్ని క్రమంగా పెంచుతూ 2030 నుంచి ఏటా 130 కోట్లకి తీసుకెళ్తానంది, కానీ గోడలు కట్టినంత తేలిగ్గా మనుషులు తయారవరు కదా. ఈ లోటుని వాలంటీర్లతో పూడ్చేద్దామని ఏ మున్సిపాలిటీ అయినా చూస్తే అప్పుడు గట్టిగా అరవాలి. దానికోసం ఇప్పుడున్న వాలంటీర్లని అనుమానంగా చూడటం మాత్రం అన్యాయం. 2019 సర్వే ప్రకారం ఈ దేశంలో 14 ఏళ్లు దాటినవాళ్లలో 39.7 శాతం, అంటే దాదాపు 2 కోట్ల 88 లక్షల మంది, ఏదో ఒక స్వచ్ఛంద పని చేస్తున్నారు. వీళ్లు ఖాళీగా ఉన్న జనం కాదు, మీ పక్కింటివాళ్లు, మీ ఆఫీసువాళ్లు.

"యూనివర్సిటీ పరిశోధనలే తేల్చేశాయి" అన్నది అన్నిటికన్నా తెలివైన అబద్ధం, ఎందుకంటే పరిశోధన నిజంగానే ఉంది, ఫార్వర్డు రాసినవాళ్లు చదవలేదంతే. 2001 డిసెంబరులో, వేర్వేరు దేశాల పిల్లల చదువుని పోల్చి చూసే పిసా పరీక్ష మొదటి ఫలితాలొచ్చి జర్మనీ పరువు పోయాక, కేంద్రం 2003 నుంచి 400 కోట్ల యూరోలతో ఫుల్ డే స్కూళ్లు కట్టించడం మొదలుపెట్టింది. ఆ స్కూళ్లు ఎలా నడుస్తున్నాయో చూడటానికి 2005 నుంచి 2019 దాకా స్టెగ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, డార్ట్‌మండ్, గీసెన్ యూనివర్సిటీల వాళ్లూ మరో రెండు పరిశోధనా సంస్థలూ కలిసి చేశాయి. ఫుల్ డే స్కూల్లో ఉన్నంత మాత్రాన లెక్కల్లో, చదవడంలో మార్కులు పెరుగుతాయని అందులో తేలలేదు. ఫార్వర్డు ఇక్కడిదాకా చదివి ఆగిపోయింది. నాణ్యత బాగుండి, పిల్లలు ఆపకుండా వెళ్తే తోటివాళ్లతో మెలిగే తీరు మెరుగుపడుతుందనీ, క్లాసు మళ్లీ చదవాల్సిన అవసరం తగ్గుతుందనీ కూడా అదే అధ్యయనం చెప్పింది. అంటే మంచి మధ్యాహ్నం మంచి చేస్తుంది, నాసిరకం మధ్యాహ్నం ఏమీ చేయదు.

(మనవాళ్లలో కొందరికి దీని ఉల్టా భ్రమ ఉంది, స్కూలు సాయంత్రం దాకా ఉందంటే మన కార్పొరేట్ స్కూళ్ల స్టడీ అవర్స్‌లాగా రుద్ది చదివిస్తారని. హోంవర్క్ టైము ఉంటుంది కానీ అది ట్యూషన్ కాదు. మిగతా టైమంతా భోజనం, ఆటలు, బురదలో పొర్లడం.)

మరి ఆ నాణ్యత ఎక్కడ తప్పుతోంది? పరిశోధకులు వేలు పెట్టి చూపించిన చోటు వాలంటీర్లు కాదు, పొద్దుటి మనుషులకీ మధ్యాహ్నం మనుషులకీ మధ్య ఉన్న ఖాళీ. విద్యా పరిశోధకురాలు కార్నేలియా గ్రేజెల్, ఆమె సహ పరిశోధకులు 2006లో టీచర్ల సహకారాన్ని మూడు మెట్లుగా విడదీశారు. ఒకటి, వార్తలూ వర్క్‌షీట్లూ ఇచ్చిపుచ్చుకోవడం. రెండు, పని పంచుకుని ఎవరిది వాళ్లు చేయడం. మూడు, కలిసి కూర్చుని కొత్తగా ఆలోచించి పని రూపొందించడం. హాలే, ఓల్డెన్‌బుర్గ్ యూనివర్సిటీల్లో థోమస్ ఓల్క్, కార్‌స్టెన్ స్పెక్ లాంటివాళ్లు ఫుల్ డే స్కూళ్లలో వేర్వేరు వృత్తుల వాళ్లు కలిసి పనిచేసే తీరు మీదే ప్రత్యేకంగా పనిచేశారు. ఈ రంగంలో మళ్లీ మళ్లీ కనిపించే సంగతి ఒకటే: మొదటి మెట్టు మీద అందరూ ఉంటారు, మూడో మెట్టు మీద కనబడేది బహు కొద్దిమంది.

అది ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. మా అబ్బాయి స్కూల్లో పదకొండూ ముప్పావుకి పాఠాలైపోతే, పిల్లలు బ్యాగులు తగిలించుకుని కింది అంతస్తుకి దిగుతారు. అక్కడ గుమ్మం దగ్గర అట్టకి క్లిప్పుతో పెట్టిన లిస్టు మీద పేర్లకి టిక్కు కొడతారు. అప్పగింత అంతే. ఆ పూట ఇంటర్వెల్లో మావాడు ఇంకో పిల్లాడితో కొట్టుకుని ఏడ్చాడు, క్లాస్ టీచరుకి తెలుసు, కింద ఉన్నావిడకి తెలీదు. మధ్యాహ్నం భోజనంలో ఇద్దర్నీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత ఏమై ఉంటుందో ఊహించుకోండి. ఇందులో ఆ టీచరు తప్పూ లేదు, కింద ఉన్నావిడ తప్పూ లేదు. టీచరుకి జీతమిచ్చేది రాష్ట్రం, ఆవిడకి ఇచ్చేది ఒక సంక్షేమ సంస్థ, టీచరు డ్యూటీ అయ్యే టైముకి ఆవిడ డ్యూటీ మొదలవుతుంది. ఇద్దరూ కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకునే టైము ఎవరి టైమ్‌టేబుల్లోనూ లేదు, ఆ పది నిమిషాలకి జీతం ఏ బడ్జెట్‌లోనూ లేదు. మాట్లాడుకుంటున్నారంటే అది వాళ్ల సొంత టైములో, మంచితనం కొద్దీ చేస్తున్నారు.

జీతానికి పనిచేసే ఇద్దరికే ఇంత దూరముంటే, వారానికి ఒక గంట వచ్చే చదువు మెంటారు పరిస్థితి ఏంటి? ఆయనకి తలుపు తాళం ఎవరి దగ్గరుందో కూడా తెలియకపోవచ్చు. అందుకే వాలంటీర్ల సంస్థలున్నాయి. చాలా ఊళ్లలో ఉండే ఈ ఫ్రైవిలిగన్ ఏజెన్సీలు ఉద్యోగాల కన్సల్టెన్సీలాగా మనిషిని పంపి చేతులు దులుపుకోవు, లేదా దులుపుకోకూడదు. ఎవరికి ఏ పని నప్పుతుందో చూడటం, స్కూలువాళ్లని కూర్చోబెట్టి వాలంటీరు ఏం చేయాలో ఏం చేయకూడదో ముందే మాట్లాడించడం, తేడా వస్తే మధ్యలో నిలబడటం వీటి పని. 1999 నుంచి వీటికి జాతీయ సమాఖ్య కూడా ఉంది. వీటి కష్టం కూడా అదే డబ్బు, చాలావాటికి ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే నిధులు. వాలంటీరు జీతం అడగడు, నిజమే, కానీ వాలంటీర్లని సరిగ్గా నడిపించడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలి. "డబ్బు మిగుల్చుకోవడానికి వాలంటీర్లు" అన్న లెక్క అక్కడే తప్పింది.

క్లబ్బులు మూతపడుతున్నాయన్నది చివరిది. క్లబ్బులకి ఇబ్బంది ఉన్నమాట నిజం, మూడింటికి ప్రాక్టీస్ పెడితే పిల్లలు రారు, ట్రైనర్లు ఆ టైముకి ఆఫీసుల్లో ఉంటారు, హాలు స్కూలు చేతిలో ఉంటుంది. కానీ స్కూళ్లతో చేతులు కలిపే బయటి సంస్థల్లో స్పోర్ట్స్ క్లబ్బులే ముందున్నాయి. అక్కడ బంతి పట్టుకున్న పిల్ల శనివారం అసలు క్లబ్బుకీ వెళ్తుంది. ఆ మాటకొస్తే క్లబ్బు ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకి జూడో డ్రెస్సు మొదటిసారి కనిపించేది స్కూల్లోనే.

ఈ ఏడాదో వచ్చే ఏడాదో పిల్లల్ని చేర్చేవాళ్లు స్కూలు చూడటానికి పోయినప్పుడు వాలంటీర్లున్నారా అని భయపడుతూ అడగొద్దు. పొద్దుటి టీచరూ మధ్యాహ్నం వాళ్లూ వారంలో ఏ రోజు, ఎంతసేపు కలిసి కూర్చుంటారు, ఆ టైముకి జీతం ఉందా అని అడగండి. హోంవర్క్ దగ్గర టీచరు ఉంటారా, బయటినుంచి వచ్చేవాళ్లని ఎవరు చూసుకుంటారు అని అడగండి. ఇంకోటి, చట్టం ఇచ్చిన ఈ హక్కు అడగాల్సింది హెడ్‌మాస్టర్‌ని కాదు, బాధ్యత మీ ఊరి యూగెండ్‌ఆమ్ట్‌ది, అంటే పిల్లల సంక్షేమ ఆఫీసుది. సీటు లేదని ఫోన్లో చెప్తే ఊరుకోకుండా ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి, తర్వాత అప్పీలుకి వెళ్లాలన్నా లాయర్ దగ్గరికెళ్లాలన్నా ముందు అడిగేది ఆ కాగితమే.