కొండచిలువగారి వారపు తూకం

ఆదివారం పొద్దున్నే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక అంకె వచ్చి పడుతుంది. 612. ముందూ వెనకా ఏమీ ఉండదు. కొత్తగా చేరినవాళ్లు షేర్ల ధర అనుకుంటారు. పాతవాళ్లకు తెలుసు, అది డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్యగారి అబ్బాయి పెంచుకుంటున్న పాము బరువని. పోయిన వారం 604. ఈ ఎనిమిది గ్రాముల అభివృద్ధికి చిన్నా పెద్దా అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టాలి. పెట్టనివాళ్లను అబ్బాయి గుర్తుపెట్టుకుంటాడు.

పాము జాతి పేరు బాల్ పైథాన్. పశ్చిమాఫ్రికా కొండచిలువ. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు ఒక కోడిగుడ్డంత బరువు, ఎదిగిన ఆడదైతే కిలోన్నర నుంచి రెండు కిలోలు. ఈ రెండింటి మధ్య జరిగే సంగతినే పూర్వం పెరగడం అనేవారు. ఇప్పుడు దానికి గ్రాఫు ఉంది, తేదీల పట్టిక ఉంది, కుబుసం విడిచిన రోజుకు ఒక రంగు, ఎలుకను మింగిన రోజుకు మరొక రంగు ఉన్నాయి. మా అబ్బాయి ఎత్తూ బరువూ చివరిసారి ఎవరైనా రాసిపెట్టింది వాడి టీకాల కార్డులోనే.

ఆ తూకం ఎలా జరుగుతుందో మా పెద్దమ్మ చెప్పగా విన్నాను. తెనాలి నుంచి మనవడి దగ్గరకు వెళ్లి, సున్నుండలకు మినప్పప్పు తూచుకుందామని వంటింటి కాటా తీసిందట. అది పాముగారిది. సరే, ముందు పాముగారి పని కానిమ్మని పక్కన నిలబడింది. అబ్బాయి కాటా మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి, దాని బరువు పోవడానికి సున్నా నొక్కి, పామును తేవడానికి వెళ్లాడు. పాము గూట్లోంచి రావడానికి ఇష్టపడలేదు. ఈలోగా కాటా దానంతటదే ఆరిపోయింది. తెచ్చినవాడు పామును డబ్బాలో పెట్టి కాటా మళ్లీ వెలిగించాడు. తెర మీద సున్నా.

"అయ్యో, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదేమోరా!" అంది పెద్దమ్మ.

మళ్లీ తీశాడు, మళ్లీ సున్నా నొక్కాడు, మళ్లీ పెట్టాడు. ఈసారి తోక డబ్బా దాటి గ్రానైటు బండ మీద ఆనింది. 597. వారంలో ఏడు గ్రాములు తరుగు! అబ్బాయి ముఖం పాలిపోయింది. "తోకతో కలిపి తూస్తారా, తోక తీసేసి తూస్తారా?" అని పెద్దమ్మ న్యాయంగానే అడిగింది. తోకను లోపలికి మడిచేసరికి 612 వచ్చింది. వచ్చీ రాగానే పాముకు కడుపు ఖాళీ అయింది. ఇప్పుడు ఆ ముద్దతో కలిపి రాయాలా, అది తుడిచి రాయాలా? ఆ మీమాంసలో పావుగంట గడిచింది. ఏటా కార్తీకంలో పుట్టలో పాలు పోసే మనిషి, అంతసేపూ చేతులు జోడించి నిలబడి చివరికి ఉండబట్టలేక అడిగింది: "ఒరేయ్ నాన్నా, నాగేంద్రుడికి తులాభారం మొక్కుకున్నావా? అయితే అవతలి పళ్లెంలో బెల్లం ఏదిరా?"

సున్నుండలకు ఆ పూట గ్లాసుతోనే కొలుచుకుంది. మంచిదయింది. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండవచ్చు, వాటిని వంటింటి ఛాయలకు రానీయకండని అమెరికా ఆరోగ్యాధికారులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

డబ్బాలో పాము కదలకుండా, తల మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది. ఎంత బుద్ధిమంతురాలో చూడండి అని దాన్ని ఫొటో తీస్తారు. అది బుద్ధి కాదండీ, భయం. బెదిరినప్పుడు అలా బంతిలా చుట్టుకుంటుంది కాబట్టే దానికి బాల్ పైథాన్ అని పేరు. వారం వారం దాన్ని హడలగొట్టి, ఆ హడలును గ్రాముల్లో రాసుకుంటున్నారన్నమాట.

తూచవద్దనడం లేదు. మందు మోతాదుకు బరువు కావాలి, జబ్బు ముందుగా బయటపడేదీ బరువులోనే. దానికి నెలకోసారి చాలు. కానీ ఆ అంకె ఒకసారి తలకెక్కాక ఆగదు. చలికాలంలో ఈ పాము ఒక్కోసారి నెలల తరబడి తిండి ముట్టదు. ఆరోగ్యంగా ఎదిగిన పాముకు అది మామూలే. ఒంట్లో పెద్దగా తరిగేదీ ఉండదు. పట్టికలో మాత్రం గీత పడుకుంటుంది. గీత పడుకుంటే యజమానికి నిద్ర పట్టదు. ఇక ఫ్రీజర్‌లోంచి తీసిన ఎలుకను వేడినీళ్లలో వెచ్చబెట్టి, ముక్కు దగ్గర ఆడించి, బతిమాలి, చివరికి నోరు తెరిచి కుక్కడం.

ఇంతకంటే నీచులు ఉన్నారు. ఆడపాము కిలోన్నర తూగితే పిల్లల వ్యాపారానికి పనికొస్తుందని లెక్క. మూడేళ్లకు రావలసిన బరువును ఏడాదిన్నరలో రప్పించాలని ఎలుక మీద ఎలుక మేపుతారు. పొట్టలో కొవ్వు గడ్డకట్టినా, కాలేయం పాడైనా వాళ్లకు పట్టదు. కాటా 1500 చూపించిందా, మగపాము ఉన్న సొరుగులోకి తోసేయడమే. దీన్ని పెంపకం అంటారా! సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో 1961 నుంచి ఉన్న ఒక బాల్ పైథాన్ 2020లో, అరవై దాటిన వయసులో, ఏడు గుడ్లు పెట్టింది. అరవై ఏళ్లు బతకగల ప్రాణికి పద్దెనిమిది నెలల గడువు పెట్టడానికి మీరెవరు?

ఆ పాముల పిచ్చి మనదాకా రాలేదని ఎవరూ మురిసిపోనక్కర్లేదు. బ్యాంకాక్ నుంచి వచ్చే సూట్‌కేసుల్లో ఇవే పాములను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటూనే ఉన్నారు. మన నాగుపామును, మన కొండచిలువను ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు కాబట్టి, సరదా విదేశీ పాముల మీదికి మళ్లింది.

అబ్బాయీ, ఈ ఆదివారం నీ పాము తిండి వద్దంటే వద్దనే అర్థం. గూడు మూసేసి నీ పని చూసుకో. ఆ కరిగిన ఎలుకను మాత్రం మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకు, కుళ్లుతుంది. పారేసెయ్. మీ నాయనమ్మ మాగాయ కూడా అదే ఫ్రీజర్‌లో ఉంది.