రెడీమేడ్ సమాధానం గారికి ఒక నాస్తికుడి లేఖ

రెడీమేడ్ సమాధానం గారికి,

నమస్కారం. మీరు క్షేమంగానే ఉంటారు. మీకు జబ్బు చేసినట్టు ఇంతవరకు ఎవరూ చూడలేదు. పని జరిగితే పైవాడి దయ, జరగకపోతే పైవాడి పరీక్ష. ఎటు పడినా మీదే గెలుపు.

మా నాన్న పోయిన రోజు పరామర్శకు వచ్చిన ప్రతి మనిషి వెంటా మీరు వచ్చారు. "రాసిపెట్టి ఉంది." "మంచివాళ్లనే ముందు తీసుకెళ్తాడు." "అంతా మన మంచికే." ఈ చివరిది విన్నాక, ఆ మంచేదో కాస్త చెప్పండని నోటిదాకా వచ్చింది. కానీ చెప్పినాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమనాలో తోచక పాపం మిమ్మల్ని ముందుకు తోశాడు, అంతే. నాన్న స్నేహితుడు ఒకాయన మాత్రం మిమ్మల్ని వెంట తేలేదు. నా పక్కన కూర్చుని, తాళాలగుత్తి వేళ్ల మధ్య తిప్పుకుంటూ గంటసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రోజు నాకు ఊపిరాడింది ఆ గంటలోనే.

అలాగని నాస్తికుణ్ణయిన రోజే మిమ్మల్ని వదిలించుకున్నాననుకోకండి. చొక్కా మార్చుకుని చాలా ఏళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ప్రేమా? రసాయనం. బాధా? అదీ రసాయనమే. ఠకీమని చెప్పేసేవాణ్ణి. "సరే, ఆ రసాయనానికి నొప్పి ఎలా తెలుస్తోంది?" అని ఒక స్నేహితురాలు అడిగితే, ఫోన్ వచ్చినట్టు నటించి బయటికెళ్లిపోయాను.

మీరు నాబోటి వాళ్లకే పరిమితం కాదు లెండి. నెప్ట్యూన్ గ్రహం ఎక్కడ దొరుకుతుందో 1846లో కాగితం మీద లెక్కకట్టి చెప్పిన ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే అంతటివాణ్ణీ పట్టుకున్నారు. బుధుడి కక్ష్యలో చిన్న తేడా కనబడితే, సూర్యుడికి దగ్గర్లో మనకు కనబడనిదేదో తిరుగుతోందని ఆయన 1859లో అన్నాడు. ఆ లేని గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. తమాషా ఏమిటంటే, దాన్ని కళ్లారా చూశామన్నవాళ్లు కూడా ఉన్నారు! 1915లో ఐన్‌స్టీన్ ఏ కొత్త గ్రహమూ అక్కర్లేకుండా ఆ తేడా లెక్క తేల్చాడు. అక్కడ మిమ్మల్ని కుర్చీలోంచి లేపడానికి లెక్కలున్నాయి. చచ్చాక ఏమవుతుందన్న చోట మిమ్మల్ని లేపేదెవరు? అందుకేనేమో, అక్కడే కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

విశ్వంలో దాదాపు 95 శాతం చీకటి పదార్థం, చీకటి శక్తి అంటున్నారు. అవేమిటో ఇంకా తేలలేదు. వాటి మీద పనిచేసేవాళ్లు మాత్రం శుభ్రంగా నిద్రపోతూనే ఉన్నారు. నన్ను చూస్తే మాత్రం అందరికీ అనుమానమే: "ఏమీ నమ్మవు కదా, చావంటే టెన్షన్ ఉండదా?" ఉంటుంది. కొన్ని రాత్రులు బాగానే ఉంటుంది. లేచి మంచినీళ్లు తాగి పడుకుంటాను. తెల్లారేసరికి కరెంటు బిల్లు గుర్తొస్తుంది.

మొన్న మా పాప అడిగింది, "తాతయ్య ఇప్పుడెక్కడున్నాడు?" అని. మీరు అప్పటికే చేతిలో ఒక నక్షత్రం పట్టుకుని గుమ్మంలో రెడీగా ఉన్నారు. చూశాను. అయినా "తెలియదమ్మా" అన్నాను. అది నా మొహంలోకి కాసేపు చూసి, "నీకూ తెలియదా!" అని తెగ సంబరపడిపోయి, వాళ్లమ్మకు చెప్పడానికి లోపలికి పరిగెత్తింది.

ఇట్లు,
తెలియనివాడు