సముద్రం మీద ఊరు: ముందు లంగరు సంగతి తేల్చండి

2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరొచ్చింది. అంత నీటినీ బ్యారేజీ వదిలేసింది గానీ, కట్లు తెంచుకుని కొట్టుకొచ్చిన బోట్లు గేట్లు ఎత్తడానికి వాడే బరువు దిమ్మెలను, అంటే కాంక్రీటు కౌంటర్‌ వెయిట్లను పగలగొట్టాయి. ఆ బోట్లను బయటికి లాగడానికి క్రేన్లు తెచ్చినా వెంటనే కదల్లేదు. డైవర్లు నీళ్లలోకి దిగాల్సి వచ్చింది.

సముద్రం మీద తేలే నగరాల డిజైన్లు చూసినప్పుడల్లా విజయవాడ వాళ్లకు ముందు ఆ బోట్లే గుర్తుకు రావాలి. బొమ్మల్లో సోలార్ పలకలు, కూరగాయల మడులు, పిల్లల పార్కు అన్నీ ఉంటాయి. కింద గొలుసులే కనిపించవు.

తాగునీటి గురించి అనవసరంగా టెన్షన్ పడతాం. మన పట్టణాల లెక్కన మనిషికి రోజుకు 135 లీటర్లు. ఉప్పునీటిని ఆర్‌వోతో మంచినీరు చేయడానికి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. వెయ్యి మందున్న ఊరికి రోజుకు 540 యూనిట్లు దాటదు. మన ఎండకు 150 కిలోవాట్ల సోలార్ చాలు.

అసలు చిక్కు కట్టేయడంలో ఉంది. లోతు తక్కువైన చోట స్తంభాలు పాతి, నీటితో పాటు ఇల్లు లేచి దిగేలా చేయొచ్చు. మహాసముద్రాల సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. అక్కడ స్తంభాల మాటే లేదు. గొలుసు బిగించి కడితే అల వచ్చినప్పుడల్లా గుంజుకుని అరిగిపోతుంది. వదులుగా వదిలితే పక్క ప్లాట్‌ఫాంను గుద్దుతుంది. ఉప్పు తుప్పు, అంటుకునే నత్తగుల్లలు సరేసరి. చమురు రిగ్గులు ఇదంతా నెట్టుకొస్తున్నాయి, నిజమే. ఆ ఖర్చు చమురు ధరలో కలిసిపోతుంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బిల్లులో కలుస్తుందా?

అందుకే నడి సముద్రం అంటూ మొదలైనవన్నీ ఒడ్డు వైపే జరుగుతున్నాయి. దక్షిణ కొరియాలోని బూసాన్ కోసం 2022లో ఓషనిక్స్ కంపెనీ చూపించిన ప్లాన్ 12,000 మందికి. అది రేవు పక్కనే, ఒడ్డుకు వంతెనలతో కలిపిన ఊరు. మాల్దీవుల తేలే నగరమూ లగూన్‌లోనే, అంటే పగడపు దిబ్బల చాటున అలలు తక్కువుండే నీళ్లలోనే. సముద్రం మీద స్వతంత్ర ఊళ్లు కట్టాలనే, ప్రభుత్వాల పొడ గిట్టని సీస్టెడింగ్ ఇన్‌స్టిట్యూట్ 2017లో పసిఫిక్ దీవులైన ఫ్రెంచ్ పాలినేషియా ప్రభుత్వంతోనే ఒప్పందం చేసుకుని, అక్కడి లగూన్‌లో చోటు అడిగింది. మరుసటి ఏడాదికి అదీ చల్లబడింది. 2019లో ఫుకెట్ తీరానికి దూరంగా ఒక జంట ఉన్న తేలే ఇంటినైతే థాయ్ నౌకాదళం ఊడబెరికి తీసుకెళ్లింది. సముద్ర చట్టం ప్రకారం కృత్రిమ దీవికి చుట్టూ సొంత ప్రాదేశిక జలాలు ఉండవు. మన దేశంలోనూ 1976 నాటి సముద్ర మండలాల చట్టం కింద, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా అలాంటి కట్టడం ఏదైనా కేంద్రం చేతుల్లోనే ఉంటుంది.

మనది బంగాళాఖాతం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఉప్పెన వస్తే తేలే ఇల్లు పైకి లేస్తుందంటారు. లేస్తుంది. గొలుసు తెగితే ఎవరి పొలంలో దిగుతుందన్నదే తెలియదు.

తుపాను హెచ్చరిక రాగానే నిజాంపట్నం పడవలు హార్బర్‌కు తిరిగొస్తాయి. వెయ్యి మంది ఊరు అలా తిరిగి రాలేదు. కాబట్టి మనవాళ్లెవరైనా ఇలాంటి ప్రాజెక్టు తెస్తే కృష్ణా పాయల్లో, అలల పోటు తక్కువున్న చోట, పది ఇళ్లతో మొదలుపెట్టమనాలి. ఆ పది ఇళ్లూ రెండు మూడు తుపాను సీజన్లు నిలబడ్డాకే లోతు నీళ్ల మాట ఎత్తాలి. గొలుసులు ఏటా ఎవరు తనిఖీ చేస్తారో, తెగితే నష్టం ఎవరు కడతారో అనుమతి పత్రంలోనే రాయించుకోవాలి.